పద్దెనిమిది నిండినవాళ్ళ మేడ

నా అన్నవాళ్ళు లేని పిల్లలు పెరిగే పిల్లల ఇంటిని ముప్పై ఒక్క ఏళ్ళు నడిపినదాన్ని, కిందటి నెల పద్నాలుగో తేదీన కమిటీ తీర్మానంతో ఆ పనిలోంచి తప్పించబడినదాన్ని, అంతకుముందు బడిలో గుమాస్తాగా పనిచేసినదాన్ని, చిన్నాపెద్దా అందరూ పెద్దమ్మ అని పిలిచేదాన్ని అయిన నేను, డెబ్బై రెండేళ్ళ వయసులో, నిండు తెలివితో, ఎవరూ బెదిరించకుండా, ఎవరూ బతిమాలకుండా, సొంత చేతిరాతతో రాస్తున్న వీలునామా ఇది. నా తర్వాత నా ఆస్తి అందుకునేవాళ్ళూ, దీన్ని అమలు జరిపేవాళ్ళూ, దీని మీద కోర్టుకెక్కాలనుకునేవాళ్ళూ శ్రద్ధగా చదవగలరు.

తెలివి సంగతి ఆనవాయితీ కోసం రాసింది కాదు. కమిటీ సమావేశంలో ఒక సభ్యుడు, “అక్కకి వయసు మీద పడింది, ఏం చేస్తోందో తనకే తెలీడం లేదు” అన్నాడు. ఆ సభ్యుడెవరో నేను చెప్పను. కమిటీలో నన్ను అక్క అని పిలిచేవాడు ఒక్కడే ఉన్నాడు. ఆ మాట విన్న మూడో రోజు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళి, మతి పరీక్ష చేసే డాక్టరు ముందు కూర్చున్నాను. పాపం చిన్నవాడు. వందలోంచి ఏడేసి చొప్పున తీసేస్తూ పొమ్మన్నాడు. రెండు దాకా వచ్చాక, ఇక తీయడానికి లేదు బాబూ, మళ్ళీ ఏడేసి కలుపుకుంటూ పైకి రమ్మంటావా అని అడిగాను. అక్కర్లేదని సర్టిఫికెట్ రాసిచ్చాడు. దీనికి జతచేశాను.

1. ఇదివరకు నేను రాసిన వీలునామాలు రెండూ రద్దు. మొదటిది మా ఆయన పోయిన ఏడాది కంగారులో రాసింది. రెండోది ఎనిమిదేళ్ళ కిందట బద్ధకంతో రాసింది. ఉన్నదంతా మా తమ్ముడికే అని నాలుగు ముక్కల్లో తేల్చేశాను. దాని నకలు వాడి బీరువాలో ఉంది. ఇక దాచుకోనక్కర్లేదు.

2. నేను పోయిన రోజున కుట్టు క్లాసు, వడ్రంగం క్లాసు, కరెంటు పని క్లాసు మామూలుగా జరగాలి. సంతాప సభ పెట్టకూడదు. “ఆమె మనందరికీ ఆదర్శం” అని ఎవరూ మైకులో అనకూడదు. అంత ఆదర్శమైతే పనిలోంచి ఎందుకు తీసేశారని పిల్లలు అడుగుతారు, మీరు నీళ్ళు నములుతారు. మీకెందుకా అవస్థ. హాల్లో గోడకి నా ఫోటో తగిలించకూడదు. ఆ గోడ నిండా పిల్లలు వేసిన బొమ్మలున్నాయి. నా కోసం ఒక్క బొమ్మ తీసినా ఊరుకోను. పోయాక ఎలా ఊరుకోనో అప్పుడు చూసుకుందాం.

3. స్థిరాస్తి. నాకున్నది ఒకే ఒక్క భవనం, కిందా పైనా కలిపి రెండంతస్తులు. మా ఆయన అందులో లేతు మిషన్ల వర్క్‌షాపు నడిపాడు, పోయే ముందు నా పేర రాశాడు. హద్దులు: తూర్పున వాచీలు బాగుచేసే అతని కొట్టు, పడమర సందు, ఉత్తరాన ఇరవై ఏళ్ళుగా కడుతూనే ఉన్న ఇల్లు, దక్షిణాన వీధి. కింద హాల్లో నేల మీద మిషన్లు బిగించిన బోల్టు గుంతలు ఇప్పటికీ ఉన్నాయి. చిన్నవాళ్ళు వాటిలో గోళీలాడతారు. వాటిని పూడ్చకూడదు.

పిల్లల ఇంటి సంస్థ పెట్టినప్పుడు, నా జీవితకాలం పాటు ఈ భవనాన్ని వాడుకోమని కమిటీకి ఒప్పంద పత్రం రాసిచ్చాను. అంచేత ఇల్లు నాదే అయినా, ఏ గది దేనికన్నది ఇవాళ కమిటీ మాట. నేను పోయాక ఆ పత్రం చెల్లదు, ఈ కాగితం చెల్లుతుంది. ఈ కాగితం చెప్పేదేమిటంటే, కింది అంతస్తు సంస్థకి శాశ్వతంగా చెందాలి. పై అంతస్తు, అంటే మూడు గదులు, ఒక వరండా, కుళాయి సగం దాకానే తిరిగే స్నానాలగది, ఇరవై రెండు మెట్లు, ఇవన్నీ సర్వహక్కులతో కరెంటమ్మాయికి దఖలు పడాలి. కరెంటమ్మాయి అంటే ఈ పిల్లల ఇంట్లోనే పెరిగి, ఇప్పుడు మా పిల్లలకి వైరింగు నేర్పుతూ, కమిటీలో సభ్యురాలిగా కూడా ఉన్న ఆమె. ఆమెకి మేడని ఒక్క పని కోసమే ఇస్తున్నాను. పద్దెనిమిది నిండి ఇంట్లోంచి వెళ్ళాల్సి వచ్చి, వెళ్ళడానికి చోటు లేనివాళ్ళు అక్కడ ఉండాలి. ఎన్నాళ్ళు ఉండాలో గడువు పెట్టడం లేదు. వెళ్ళాలనిపించినప్పుడు వాళ్ళే వెళ్తారు. ఇంతవరకు అక్కడున్న వాళ్ళు అలాగే వెళ్ళారు.

ఈ పంపకం నచ్చక కమిటీ గానీ మా తమ్ముడు గానీ కోర్టుకి వెళ్తే, వెళ్ళిన రోజు నుంచి కింది అంతస్తు కూడా కరెంటమ్మాయిదే. అప్పుడు సంస్థ ఆమెను అడిగి అక్కడ నడవాలి. ఆమె సరేనంటుంది, అది వేరే సంగతి. కానీ అడగాలి.

4. మేడ మీద నాకింత పట్టుదల ఎందుకో తెలియనివాళ్ళ కోసం కిందటి నెల జరిగింది రాస్తున్నాను. వీలునామాలో ఇలాంటివి రాయకూడదని చదువుకున్నవాళ్ళు అంటారు. రాయకూడని చోట రాస్తేనే చదువుతారని నా అనుభవం.

సంస్థకి నిబంధనలు పదకొండు. తొమ్మిదోది ఇది: “పద్దెనిమిది సంవత్సరములు నిండినవారు ఆ రోజు సాయంత్రములోగా ఇల్లు ఖాళీ చేయవలెను.” పదమూడేళ్ళుగా నేను ఈ నిబంధనని తప్పుతున్నాను. పద్దెనిమిది నిండినవాళ్ళని ముందు గేటు దాకా సాగనంపి, పడమటి సందులోంచి మళ్ళీ మెట్లెక్కించి మేడ మీద పెడుతున్నాను. కమిటీ కాగితాల్లో మేడకి సామాన్ల గది అని పేరు. ఏటా తనిఖీకి వచ్చినవాళ్ళు మెట్ల మొదట్లో నిలబడి, పైన సామాన్లేనా అనేవాళ్ళు. సామాన్లేనండీ అనేదాన్ని. పెద్దమనుషులు ఇరవై రెండు మెట్లు ఎక్కరని నా ధీమా.

ఈ ఏడు మా అధ్యక్షుడు ఎక్కాడు. ఆయన పళ్ళ డాక్టరు. కొత్తగా వ్యాయామం మొదలుపెట్టాడట. పైన గదులు ఊడ్చి ఉన్నాయి, పరుపులు చుట్టి గోడకి నిలబెట్టి ఉన్నాయి, ముగ్గురూ పనులకి పోయారు. అన్నీ కుదిరాయి గానీ కుళాయి పక్కన గ్లాసులో మూడు పళ్ళ బ్రష్షులున్నాయి. ఇంకెవరైనా అయితే చూసేవాళ్ళే కాదు. ఆయన వాటిని ఒక్కొక్కటే తీసి వెలుతురులో పెట్టి, “ఇవి రోజూ వాడుతున్నవే. ఒకరు మరీ గట్టిగా తోముతున్నారు, చిగుళ్ళు పాడవుతాయి” అన్నాడు. పదమూడేళ్ళ రహస్యం అలా బయటపడింది.

వారం తిరక్కుండా సమావేశం పెట్టారు. ఏడుగురు సభ్యుల్లో ఐదుగురు చేతులెత్తారు. ఎత్తనిది నేనూ, కరెంటమ్మాయీ. తీర్మానం ప్రకారం జూన్ ఒకటో తేదీ పొద్దున పదింటికల్లా మేడ ఖాళీ కావాలి, అక్కడ కంప్యూటర్ల గది రావాలి. నేను నిర్వహణ వదిలేసి గౌరవ సలహాదారుగా ఉండాలి. పన్ను పీకేముందు అందరితో అనే మాటే అధ్యక్షుడు నాతోనూ అన్నాడు: “ఏం నొప్పి ఉండదమ్మా, ఒక్క క్షణం.” అప్పటికప్పుడే నా చేతిలో గాజు జ్ఞాపిక ఒకటి పెట్టారు. నా పేరూ, సేవలూ, పక్కన పువ్వూ చెక్కి ఉన్నాయి. అలాంటిది చేయడానికి నాలుగు రోజులు పడుతుందని ఆ కొట్టువాడు చెప్పాడు. వెళ్ళి కనుక్కున్నాను.

వాళ్ళు దుర్మార్గులని నేను రాయను. సొంత పనులు మానుకుని పిల్లల మంచి కోసం వచ్చి కూర్చునేవాళ్ళే. కానీ తమ పిల్లలు ఇరవై ఆరేళ్ళొచ్చినా తడి టవలు మంచం మీద పడేసి పోతారని సమావేశానికి ముందు నవ్వుతూ చెప్పుకుని, సమావేశంలో తొమ్మిదో నిబంధనకి చేతులెత్తారు. ఆ టవలు పిల్లాడు పద్దెనిమిది నిండిన రోజు సాయంత్రం ఎక్కడ భోంచేశాడని నేను అడిగాను. అది వేరే విషయం అన్నారు. అదే విషయం.

5. మా తమ్ముడికి: నాన్న కొన్న సైకిలు. దాని మీదే మేమిద్దరం నేర్చుకున్నాం. వాడికి ఏడేళ్ళప్పుడు పడి మోచెయ్యి విరిగితే, ఆసుపత్రి దాకా నేను ఎత్తుకుని నడిచాను. దారంతా, “అక్కా, నాన్నకి చెప్పకు” అంటూనే ఉన్నాడు. చెప్పలేదు, నేనే తోశానని తన్నులు తిన్నాను. అరవై ఏళ్ళ తర్వాత అదే చెయ్యి ఎత్తి నా మీద ఓటేశాడు, అదీ కిటికీ వైపు చూస్తూ. తమ్ముడూ, ఓటు వేసినందుకు కాదు, నా మొహం చూడనందుకు కోపం. వెనక చక్రానికి గాలి నిలవదు. అయినా సైకిలు నీకే.

6. మా మరదలికి: అమ్మ కుట్టు మిషన్, దారపు ఉండల డబ్బాతో సహా. సమావేశం అయిన మర్నాడు ఆమె ఒక్కతే వచ్చి, టీ పెట్టి నా చేతికిచ్చి, గిన్నె కడిగి వెళ్ళిపోయింది. తమ్ముడి మాట ఎత్తలేదు, నన్ను ఎత్తనివ్వలేదు. ఆ టీలో చక్కెర లేదు, మరిచిపోయింది. నేను అంతా తాగాను.

7. మా వంటావిడకి: నా కూరగాయల కత్తి. ఇరవై రెండేళ్ళుగా నేను ఉల్లిపాయలు మందంగా కోస్తానని సాధిస్తోంది. ఇక ఆ కత్తి ఆవిడ చేతిలో సన్నగా కోస్తుంది కాబట్టి నాకు విముక్తి. కింద తినేది నలభై మంది అయితే పొయ్యి మీద నలభై మూడు మందికి వండిన మనిషి ఆవిడ. వంట సరుకులు అంత తొందరగా ఎలా అయిపోతున్నాయని కమిటీ అడిగినప్పుడల్లా, “ఎదిగే పిల్లలండీ, మీ ఇంట్లో తినరా?” అని ఎదురడిగేది. ఆవిడకి అబద్ధం చెప్పడం రాదు. అది అబద్ధం కాదు కూడా.

8. ఇప్పుడు మేడ మీద ఉన్న ముగ్గురికి.

పొడుగోడికి: మా ఆయన తోలు బూట్లు. వాడు బేకరీలో తెల్లారకముందే పని మొదలుపెడతాడు. వాడి చెప్పులు పిండికి జారతాయి. మా ఆయనవి కూడా పడవల్లాంటి కాళ్ళే. బూట్లు కొంచెం బిగువైతే రెండు రోజులు కాగితం కుక్కి ఉంచాలి. ఆ గట్టిగా పళ్ళు తోమేది వీడే. డాక్టరుగారి మాట వినమని నేను కూడా చెబుతున్నాను.

లెక్కల పిల్లకి: నా బల్ల, బల్ల మీద దీపం, కుర్చీ. పరీక్ష రెండుసార్లు తప్పింది. మూడోసారి రాయబోతోంది. తప్పితే నాలుగోసారి కూడా రాయాలి. కమిటీలో కొందరు డ్రైవింగు పరీక్ష ఎన్నిసార్లు తప్పారో నాకు తెలుసు.

గమ్మునోడికి: గేటు తాళంచెవి. వాడు లాండ్రీలో ఇస్త్రీ చేస్తాడు. రోజుకి పది మాటలు మాట్లాడితే గొప్ప. మా దగ్గరికి రాకముందు వాడిని ఒక ఇంట్లో బయట నుంచి గడియ వేసి ఉంచేవాళ్ళు. వచ్చిన కొత్తలో ఎక్కడ గడియ చప్పుడైనా లేచి నిలబడేవాడు. ఏడాది కిందట తాళంచెవి వాడి చేతికిచ్చి, పొద్దున నువ్వే తియ్యి, సాయంత్రం నువ్వే వెయ్యి అన్నాను. అప్పటి నుంచి ఒక్కరోజు తప్పలేదు. జూన్ ఒకటిన తాళంచెవి అప్పగించాలని తీర్మానంలో ప్రత్యేకంగా రాశారు. అది నా సొంత తాళం, నేను కొన్నది. కాబట్టి చెవి కూడా నాదే, ఇప్పటి నుంచి వాడిది.

9. గాజు జ్ఞాపిక ఎవరికీ ఇవ్వడం లేదు. మేడ మీద వరండా తలుపు గాలికి కొట్టుకుంటుంది. దానికి అడ్డం పెట్టాలి. బరువుగా ఉంది, పనికొస్తుంది.

10. ఇంతవరకు అందరినీ అన్నాను. ఇప్పుడు నా వంతు.

తొమ్మిదో నిబంధన రాసింది నేనే. కమిటీలో ఇప్పుడున్నవాళ్ళెవరూ అప్పటికి లేరు. మొదటి ఏడాది నా బల్ల మీద, నా కలంతో రాశాను. గుమాస్తాగా పనిచేసినదాన్ని కదా, దేనికైనా ఒక గీత ఉండాలనిపించేది. ఇంకో తప్పు కూడా ఆ గుమాస్తాగిరీదే. బడిలో చేర్చేటప్పుడు పుట్టిన తేదీ తెలియని పిల్లలకి మేమంతా జూన్ ఒకటి వేసేవాళ్ళం, బడి తెరిచే రోజు గనక. అదే అలవాటు ఈ ఇంటికి తెచ్చాను. కాగితాలు లేకుండా వచ్చిన ప్రతి బిడ్డకీ ఎత్తు చూసి ఏడాది వేశాను, కళ్ళు మూసుకుని జూన్ ఒకటి వేశాను. మా రిజిస్టర్లో అలాంటి పిల్లలు అరవై ఒక్క మంది. అందరూ ఒకే రోజు పుట్టారు, నా చేతిరాతలో. దాంతో ఏటా జూన్ ఒకటి సాయంత్రం ఒకే రోజున ఇద్దరో ముగ్గురో ఐదుగురో సంచులు పట్టుకుని గేటు దాటేవాళ్ళు. నేను గేటు దగ్గర నిలబడి చెయ్యి ఊపేదాన్ని. చక్కగా పద్ధతి ప్రకారం జరుగుతోందని తృప్తిపడేదాన్ని కూడా.

పంతొమ్మిదేళ్ళ కిందట అలా వెళ్ళినవాళ్ళలో కరెంటమ్మాయి ఉంది. వచ్చినప్పుడు ఆ పిల్ల వయసుకి మించిన పొడుగు. ఆ పొడుగు చూసి తొమ్మిదేళ్ళని రాశాను. వెళ్ళే ఏడు, పిల్లల పళ్ళు చూడటానికి కొత్తగా ఒక డాక్టరు వచ్చాడు. ఇప్పటి మా అధ్యక్షుడే. ఆమె నోరు చూసి నా బల్ల దగ్గరికి వచ్చి, “అమ్మా, ఈ పిల్లకి పదహారు కూడా నిండి ఉండవు. పళ్ళు చెబుతున్నాయి” అన్నాడు. నేను రిజిస్టర్ ఆయన వైపు తిప్పి, ఇక్కడ పద్దెనిమిది ఉంది డాక్టరుగారూ అని వేలు పెట్టి చూపించాను. ఆయన, కాగితం అలా చెబితే సరే అని వెళ్ళిపోయాడు. మనిషిని కాకుండా కాగితాన్ని నమ్మాలని ఆయనకి నేర్పింది నేనే. ఇవాళ ఆయన మీద నాకెంత కోపమున్నా ఈ మాట దాచలేను.

ఆ సాయంత్రం ఆ పిల్ల గేటు దగ్గర ఒక్క మాట అడిగింది. “పెద్దమ్మా, రేపు పొద్దున నేను ఎక్కడికి వెళ్ళాలి?” ధైర్యంగా ఉండాలమ్మా అన్నాను. అడిగింది ఒకటి, చెప్పింది ఒకటి. నాలుగు నెలలు బస్టాండులో, ఆడవాళ్ళు కూర్చునే హాల్లో ఉందని తర్వాత తెలిసింది. బస్సు కోసం ఎదురుచూస్తున్నట్టు కనిపించడానికి రోజూ బెంచీ మార్చేదట. తర్వాత బల్బుల కొట్లో ఊడవడానికి చేరి, అక్కడే వైరింగు నేర్చుకుంది.

ఆరేళ్ళ తర్వాత ఒకరోజు పిల్లల ఇంట్లో కరెంటు పోయింది. మనిషిని పంపమని కొట్టుకి ఫోన్ చేస్తే ఆమె వచ్చింది. నేను గుర్తుపట్టలేదు. మెయిన్ ఎక్కడుందో చూపిస్తానని ముందు నడిస్తే, “ఎక్కడుందో నాకు తెలుసు పెద్దమ్మా” అని పక్కనుంచి వెళ్ళి, స్టూలు వేసుకుని, ఫ్యూజు కట్టింది. దిగాక రెండో వరసలో మూడో మంచం వైపు కాసేపు చూసింది. ఆ మంచం మీద అప్పుడు ఇంకో పిల్ల ఉంది. ఆ ఏడు జూన్ ఒకటిన ఎవరినీ పంపలేదు. మేడ తెరిచాను.

ఆమె నన్ను ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. నేను ఎప్పుడూ క్షమించమని అడగలేదు. పదమూడేళ్ళు మేడ నడిపితే అదే అడిగినట్టని సర్దుకున్నాను. కాదు. అమ్మా, నిన్ను ప్రేమించాను, ప్రేమిస్తూనే గేటు బయటికి పంపాను. నాకు సిగ్గుగా ఉంది. నన్ను క్షమించు. కమిటీ చదివే కాగితంలో, సాక్షుల ఎదుట అడుగుతున్నాను. క్షమించకపోయినా మేడ నీదే, మా ఆయన పనిముట్ల పెట్టె కూడా నీదే.

రిజిస్టర్ ఇంటికే ఉండాలి. అయితే ఆ అరవై ఒక్క మందిలో ఎవరు ఎప్పుడు వచ్చినా, దాన్ని వాళ్ళ ముందు పెట్టి, ఎర్ర సిరా కలం చేతికివ్వాలి. నేను రాసింది కొట్టేసి, పుట్టినరోజుగా తమకి నచ్చిన తేదీ రాసుకోవచ్చు. ఎందుకా తేదీ అని ఎవరూ అడగకూడదు.

11. ఈ వీలునామా అమలు జరపడానికి ఇద్దరిని నియమిస్తున్నాను: కరెంటమ్మాయి, మా అధ్యక్షుడు. రెండో పేరు చూసి కంగారుపడొద్దు, చేతిరాత నాదే. నాకు తెలిసినవాళ్ళలో కాగితం మీద ఉన్నదాన్ని అక్షరం తప్పకుండా జరిపించే మనిషి ఆయన ఒక్కడే. మేడ తాళాలు తన చేత్తో ఆమెకి అప్పగిస్తూ ఆయన బాధపడితే, నా తరఫున ఎవరైనా, ఏం నొప్పి ఉండదండీ, ఒక్క క్షణం అని చెప్పాలి.

12. ఆఖరిది. పైన రాసిన పదకొండూ నేను పోయాక జరిగేవి. జూన్ ఒకటి ఇంకో ఐదు రోజుల్లో ఉంది. ఈలోగా నేను పోయే సూచనలేమీ లేవు. గుండె చూసిన డాక్టరు ఇంకో పదేళ్ళకి ఢోకా లేదన్నాడు. నా వీలునామాకి అది చెడ్డ వార్త. మేడ మీది పిల్లలకి వీలునామా కాదు, ఈ గురువారం కావాలి.

అందుకని కమిటీకి తెలియజేయడమేమనగా: సంస్థకి నేను రాసిచ్చిన ఒప్పంద పత్రం నాలుగో పేజీలో, “భవన యజమానురాలు తన సంరక్షణలో ఉన్నవారితో సహా భవనంలో తనకు కావలసిన గదులలో జీవితకాలం నివసించవచ్చును” అని ఉంది. అప్పటి దస్తావేజు రాసే ఆయన తనకి అలవాటైన మాట అని చేర్చాడు, నేను పట్టించుకోలేదు. వెనక వీధిలో అద్దెకుంటూ ముప్పై ఒక్క ఏళ్ళు ఆ హక్కు వాడుకోలేదు. నిన్న వాడుకున్నాను. అద్దె ఇల్లు ఖాళీ చేశాను. నా మంచం, ట్రంకు పెట్టె, రెండు దుప్పట్లు పొడుగోడూ గమ్మునోడూ కలిసి మేడ మీద నడిమి గదిలోకి చేర్చారు. ఆ ముగ్గురూ నా సంరక్షణలో ఉన్నారని ఇందుమూలంగా ప్రకటిస్తున్నాను. జూన్ ఒకటిన కింద ఇంకో ఇద్దరికి పద్దెనిమిది నిండుతాయి. నా చేత్తో తేదీ వేసినవాళ్ళలో ఆఖరి ఇద్దరు వాళ్ళే. వాళ్ళు కూడా ఆ సాయంత్రం నా సంరక్షణలోకి వస్తారు. ఈసారి సందులోంచి కాదు, ముందు గేటులోంచే వచ్చి మెట్లెక్కుతారు.

పదింటికి కమిటీ వారు రావచ్చు. తలుపు తీసే ఉంటుంది. తొమ్మిదో నిబంధన ప్రకారం పద్దెనిమిది నిండినవాళ్ళని దించాలి కాబట్టి, వయసు వరసన ముందు నన్ను దించాలి. నా అంతట నేను దిగను. మోకాళ్ళు బాగోలేవు, మోసుకుని దించాల్సి ఉంటుంది. కింద హాల్లో నలభై మంది పిల్లలు కూర్చుని, వాళ్ళకి పద్దెనిమిది నిండితే ఏం చేస్తారో చూస్తూ ఉంటారు.

పై విషయాలన్నీ నా ఇష్టప్రకారం రాసి, చదివి చూసుకుని, సరిగా ఉన్నాయని నమ్మి సంతకం చేస్తున్నాను.

తేదీ: మే 27, 2023

(సంతకం) పెద్దమ్మ
వయసు: డెబ్బై రెండు నిండాయి
నివాసం: పిల్లల ఇల్లు, మేడ మీద, నడిమి గది

సాక్షులు: ఈ వీలునామా రాసిన ఆమె మా ఇద్దరి ఎదుట సంతకం చేశారు, ఆమె ఎదుట మేమిద్దరం చేశాం.

1. (సంతకం) జెరాక్స్ కొట్టు నడిపే ఆవిడ, ఎదురు వరస
2. (సంతకం) ఈ వీధికి పోస్టు తెచ్చే అతను. ఇకమీదట ఆమె ఉత్తరాలు మేడ మీదికే తెచ్చి ఇస్తానని ఒప్పుకున్నాను.